అయ్యగారి బియ్యం

బర్నబాసు అయ్యగారిని ఎవరన్నా ఏదన్నా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు, అన్నానికి వచ్చేవాడు. "సరే, రేపు మధ్యాహ్నం మీ ఇంటికొస్తా, అక్కడ చూద్దాం" అనేవాడు. పరలోకం గురించి అడిగినా అంతే, పక్క పొలంవాడితో గట్టు తగాదా గురించి అడిగినా అంతే. పాస్టరుగారు ఇంటికొస్తున్నారంటే మామూలుగా కోడి తెగుతుంది, పక్కింటి నుంచి మంచి గ్లాసులు వస్తాయి, కుర్చీ మీద కొత్త తువ్వాలు పరుస్తారు. ఈయన దగ్గర అవేవీ సాగేవి కావు. చంకలో చిన్న గుడ్డసంచి పెట్టుకుని వచ్చేవాడు. అందులో తన బియ్యం తనే తెచ్చుకునేవాడు. కూర మీ ఇష్టం, ఊరగాయ వేసినా తింటాను, అన్నం మాత్రం ఈ బియ్యంతోనే వండాలి అనేవాడు.

ఆ బియ్యం సంగతి కాస్త చెప్పాలి. కాలవ గట్టు మీద ఆయన మందిరానికి వచ్చే ఆడవాళ్ళందరికీ ఒక అలవాటు ఉంది. పొద్దున ఎసట్లోకి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక గుప్పెడు వెనక్కి తీసి దేవుడి పేరున విడిగా ఒక డబ్బాలో పోస్తారు. ఆదివారం ఆరాధనకి వచ్చేటప్పుడు ఆ డబ్బా తెచ్చి, ప్రసంగ పీఠం పక్కనున్న నీలంరంగు డ్రమ్ములో ఒంపుతారు. అయ్యగారి వంటిల్లు నడిచేది దాంతోనే, ఎవరూ లేని ముసలివాళ్ళకి పంచేదీ అదే. ఒకళ్ళింట్లో సన్నబియ్యం, ఒకళ్ళింట్లో కోటా బియ్యం, ఒకళ్ళవి నిరుటివి, ఒకళ్ళవి మొన్న మర ఆడించినవి. అన్నీ ఆ డ్రమ్ములో కలిసిపోతాయి. కలిసిపోతాయి గానీ కలిసి ఉడకవు. కొత్తవి రెండు పొంగులకే మెత్తబడి గంజిలో కరిగిపోతుంటే, పాతవి అప్పుడప్పుడే వేడెక్కుతుంటాయి. డ్రమ్ము దగ్గర కూర్చుని బియ్యం పంచే సలోమి పిన్ని, ఆ బియ్యానికి ఎన్ని నీళ్ళు పట్టాలో దేవుడికొక్కడికే తెలుసనీ, అడిగితే ఆయనైనా కాసేపు ఆలోచించే చెప్తాడనీ అనేది. అయ్యగారి భార్య బతికున్న రోజుల్లో ఎట్లాగో అట్లా ఆ బియ్యంతో మనుషులు తినే అన్నం చేసేది. ఆవిడ పోయాక అయ్యగారు ఒక్కడే వండుకునేవాడు. ఎట్లా ఉడికితే అట్లా తినేవాడు.

అదే ఊళ్ళో ఓబేదు మోటార్ల రీవైండింగ్ షాపు నడిపేవాడు. కాలిపోయిన మోటారు విప్పి, నల్లబడ్డ తీగంతా పీకేసి, సన్నటి రాగితీగని చుట్టు మీద చుట్టు వేసుకుంటూ పొద్దుగూకేదాకా కూర్చునేవాడు. ఎక్కడన్నా ఒక చుట్టు తప్పితే విసుక్కోడు. మొత్తం విప్పి మళ్ళీ మొదట్నుంచి చుట్టేవాడు. ఆ ఓర్పంతా ఇంటి గుమ్మం దాకా వచ్చి ఎటుపోయేదో ఎవరికీ తెలీదు. అన్నంలో ఒక్క మెతుకు పలుకుగా తగిలితే చాలు, కలుపుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయేది. ఆ తర్వాత కంచం ఎటు ఎగురుతుందో చెప్పలేం. భార్య లూదియ మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదని తనే గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే, కంచం ఎప్పుడూ గోడకే తగిలేది. మాటలు మాత్రం మనిషికి తగిలేవి.

కిందటి వేసంగిలో ఒక మధ్యాహ్నం అట్లాగే విసిరిన కంచం గుమ్మానికి తగిలి సొట్టపడింది. మర్నాడు లూదియ కూతురు కెజీయాని తీసుకుని వేటపాలెంలో పుట్టింటికి వెళ్ళిపోయింది. తగువు పెట్టుకుని వెళ్ళలేదు. ఫోన్ చేస్తే ఎత్తేది, ఒంట్లో బాగుందా అని అడిగేది, మేం బాగున్నాం అని చెప్పి పెట్టేసేది. ఓబేదుకి అదే భయం వేసింది. తిట్టినా బాగుండేది. తిట్టే మనిషి ఇంకా మనింట్లో ఉన్నట్టే లెక్క.

పుట్టుకతో మందిరానికి పోయే కుటుంబమే అయినా, ఓబేదు అప్పటిదాకా పండక్కీ పెళ్ళికీ తప్ప లోపల అడుగుపెట్టినవాడు కాదు. ఇల్లు ఖాళీ అయ్యాక వెళ్ళడం మొదలుపెట్టాడు. వెనక వరసలో కూర్చున్నవాడు మెల్లగా ముందుకొచ్చాడు. కాలవకి నీళ్ళొదిలాక నడుం లోతు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం తీసుకున్నాడు. శుక్రవారాలు ఉపవాసం ఉన్నాడు. లూదియ వదిలేసిపోయిన డబ్బాలో రోజూ గుప్పెడు బియ్యం పోసి, ఆదివారం ఆడవాళ్ళ వెనకాల వరసలో నిలబడి డ్రమ్ములో ఒంపేవాడు. ఏవయ్యా ఓబేదూ, నీ గుప్పెడు మాకు రెండు గుప్పెళ్ళు, ఇక నువ్వేం తింటావని సలోమి పిన్ని ఏడిపించేది. ఆ మాటకే వారంలో ఒకసారి నవ్వేవాడు.

ఒక ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాడు. ఆ సొట్టకంచాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళి, మైకు ముందు పైకెత్తి పట్టుకున్నాడు. ఇది నా పాత బతుకు, నా ప్రభువు నన్ను కొత్త మనిషిని చేశాడు అన్నాడు. మందిరమంతా స్తోత్రం అంది. తర్వాత ఇళ్ళల్లో జరిగే ప్రార్థన కూటాలకి పిలిచి మరీ చెప్పించుకున్నారు. చెప్పగా చెప్పగా అది బాగా కుదిరింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ మాట దగ్గర ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకుంటారో ఓబేదుకి తెలిసిపోయింది. ఒకసారి ఎవరో ఫోన్‌లో తీస్తే ఆ వీడియో లూదియకి పంపాడు. కాసేపటికి నీలం టిక్కులు పడ్డాయి. అంతే. ఆ రోజంతా షాపులో ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు, జవాబు రాలేదు. రెండు రోజుల తర్వాత బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నీ గురించి నువ్వు చెప్పుకుంటే ఏం లాభం? మీ పాస్టరుగార్ని వచ్చి చెప్పమను. ఆయన మాటైతే అక్క వింటుంది" అన్నాడు.

అప్పట్నుంచి ఓబేదుకి అదొక్కటే ధ్యాస. షాపులో పనైపోయినా ఇంటికి పోబుద్ధయ్యేది కాదు. ఎవరూ తొందరపెట్టని మోటారు ముందేసుకుని కూర్చునేవాడు. ఇంటికెళితే గుమ్మం పక్కన కెజీయా చిన్న చెప్పులు. వెళ్ళేరోజు హడావుడిలో పాతజత ఉండిపోయింది. ఊడ్చేటప్పుడు వాటిని పక్కకి తీసి, ఊడ్చాక మళ్ళీ అక్కడే పెట్టేవాడు. ఈపాటికి ఆ చెప్పులు ఆ పిల్లకి పట్టవని తెలుసు. కరెంటు కుక్కర్లో ఒక గ్లాసు సన్నబియ్యం పోసి మీట నొక్కి, అది టక్కుమనేదాకా దాని ముందే కూర్చునేవాడు. ఇంట్లో ఆ ఒక్క చప్పుడే తనకి బదులు చెప్పినట్టుండేది. తినేటప్పుడు మాత్రం ఒక్కోసారి భయం వేసేది. కోపం రావట్లేదు, నిజమే. కానీ ఎవరి మీద రావాలి? గోడల మీదా? మారిపోయానా, లేకపోతే విసరడానికి ఎదురుగా మనిషి లేక ఊరుకున్నానా? ఆ అనుమానం వస్తే ముద్ద దిగేది కాదు. ఆ అనుమానాన్ని కూటాల్లో ఎప్పుడూ పైకి రానిచ్చేవాడు కాదు.

చివరికి ఒక ఆదివారం ఆరాధన అయిపోయి, జనం వెళ్ళిపోయి, అయ్యగారు చాపలు చుడుతుండగా దగ్గరికెళ్ళాడు. తనూ ఒక చాప చుట్టడం మొదలుపెట్టి, తలెత్తకుండా అడిగాడు.

"అయ్యగారూ, బాప్తిస్మం తీసుకున్న మనిషి మారాడో లేదో ఎట్లా తెలుస్తుంది?"

ఏ మనిషి అన్నాడాయన. నేనే అన్నాడు ఓబేదు. అని, ఇక ఆగలేక బావమరిది మాట చెప్పాడు, తన ఆరాటమంతా చెప్పాడు. మీరొక్కసారి వేటపాలెం వచ్చి, నేను మారానని మీ నోటితో లూదియకి చెప్పండి, మీరు పూచీ ఉంటే వస్తుంది అన్నాడు. ఆర్నెల్లుగా నాకు కోపమే రాలేదు, కావాలంటే ఊళ్ళో ఎవర్నైనా అడగండి అన్నాడు. అయ్యగారు చాపలన్నీ గోడకి నిలబెట్టి, చేతులు దులుపుకుని, రేపు మధ్యాహ్నం మీ ఇంటికి అన్నానికొస్తానన్నాడు. డ్రమ్ముకి మూత పెడుతున్న సలోమి పిన్ని అది విని, అబ్బాయ్, నెయ్యి కాస్త ఎక్కువే తెచ్చిపెట్టుకో, ఆ అన్నం జారాలంటే అదొక్కటే దారి అంది.

ఓబేదు ఆ రోజు సంతోషంగానే పడుకున్నాడు. అయ్యగారు వచ్చి ఇల్లు చూసి, నాలుగు మాటలు మాట్లాడి, వేటపాలెం బస్సెక్కుతాడనుకున్నాడు. పొద్దున్నే లేచి ఇల్లు కడిగాడు. బైబిలు తీసి బల్ల మీద కనపడేట్టు పెట్టాడు. కెజీయా చెప్పులు తీసి లోపల పెట్టబోయి, మళ్ళీ ఎందుకో అక్కడే ఉంచాడు. పక్క వీధి మెస్సు నుంచి దోసకాయ పప్పు, చిక్కుడుకాయ కూర తెప్పించాడు. అన్నం సంగతి అసలు తలుచుకోనేలేదు. కుక్కరుందిగా, మీట నొక్కితే అదే ఉడుకుతుందనుకున్నాడు.

అయ్యగారు వచ్చేసరికి కరెంటు లేదు. లైన్ల పని, సాయంత్రం దాకా రాదని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆయన గుడ్డసంచి ఓబేదు చేతికిచ్చి, అరుగు మీద మంచం వాల్చుకుని, వీధివైపు తిరిగి కూర్చున్నాడు. గ్యాసు పొయ్యి మీద గిన్నె పెట్టి అన్నం వండి ఓబేదు ఎరగడు. లూదియ వండుతుంటే చూసిందే. చూసింది కూడా ఏముంది, తినేటప్పుడు తప్ప ఆ వంటింటివైపు తల తిప్పిన మనిషి కాదు. సంచి విప్పి చూస్తే బియ్యం రకరకాలుగా ఉన్నాయి, పొట్టివీ పొడుగువీ, తెల్లవీ ఎర్రచారవీ. వాటిని పక్కన పెట్టి, తన సన్నబియ్యం డబ్బా మూత తీశాడు. అయ్యగారి ముందు మంచి అన్నం పెట్టాలనే తీశాడు, వేరే ఉద్దేశం లేదు. మూత చప్పుడైంది.

"ఓబేదూ, నా బియ్యమే సుమా," అన్నాడాయన బయట్నుంచి, వీధివైపు తిరిగే.

ఓబేదు సిగ్గుపడి మూత పెట్టేశాడు. ఆయన బియ్యమే కడిగి ఎసట్లో పోశాడు. పొంగు వచ్చింది, తగ్గించాడు, మళ్ళీ పొంగింది. లూదియ గరిటెతో ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నొక్కి చూసేదన్నది మాత్రం గుర్తుంది. తనూ ఒక మెతుకు తీసి నొక్కాడు. మెత్తగా నలిగిపోయింది. అయిపోయిందనుకుని మూత అడ్డంపెట్టి గంజి వార్చాడు. ఆవిరి చేతిని కాల్చింది, గంజి కాస్త మణికట్టు మీద పడింది. ఆ మంట ఓర్చుకుని గిన్నె నిలబెట్టి మూత తీసి చూస్తే, అడుగున ముద్ద, పైన పలుకులు. ముద్దలో చెయ్యి పెడితే జిగురు, పలుకు నోట్లో వేసుకుంటే కరకర. గంజి చూస్తే తూములో పోయింది.

అప్పుడొచ్చింది. ఆర్నెల్లుగా రానిది, కాలవలో ముంచేశాననుకున్నది, సలసలా పైకొచ్చింది. ఎవరి మీదని కాదు. ఆ బియ్యం మీద, బియ్యం తెచ్చిన అయ్యగారి మీద, తలా ఒక రకం పోసిన ఆడవాళ్ళందరి మీద, ఇట్లాంటి పని తన నెత్తిన పడేసి పుట్టింట్లో కూర్చున్న లూదియ మీద. గిన్నె మసిగుడ్డతో పట్టుకుని ఉంది. చేతులు రెండూ దాన్ని భుజం దాకా ఎత్తేశాయి కూడా. బయట అయ్యగారు సన్నగా ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆ రాగం చెవిన పడి ఓబేదు గిన్నె కిందపెట్టాడు. పొయ్యి గట్టు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. బాప్తిస్మం, ఉపవాసాలు, కూటాల్లో కళ్ళొత్తుకున్న జనం, అన్నీ ఎక్కడో దూరంగా, ఇంకెవరికో జరిగినట్టు కనపడ్డాయి. ఆ వంటింట్లో తనూ, తన కోపమూ తప్ప ఇంకెవరూ లేరు.

ఇక చేసేదేముంది, వడ్డించాడు. మంచి కంచం పెట్టబోతే అయ్యగారు చాప మీద కూర్చుంటూ, మందిరంలో చూపించావే, ఆ కంచం పెట్టు అన్నాడు. ఓబేదు సొట్టకంచం తెచ్చిపెట్టాడు. అది నేల మీద సరిగ్గా ఆనక ఒక పక్కకి ఊగింది. అన్నం పెట్టాడు, పప్పు వేశాడు, నెయ్యి వేశాడు. నువ్వూ కూర్చో అంటే, మీరు కానివ్వండి అయ్యగారూ అని వంటింటి గుమ్మానికి ఆనుకుని, గరిటె చేతిలోనే పెట్టుకుని నిలబడ్డాడు.

అయ్యగారు ప్రార్థన చేసుకున్నాడు. పప్పు కలిపాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళ కింద పలుకు నలిగిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

ఆగిన చెయ్యి అట్లాగే ఉంది. ఆయన తల వంచుకునే ఉన్నాడు, మొహం కనపడట్లేదు. ఓబేదు కళ్ళు ఆ వేళ్ళ మీదే ఉన్నాయి. ఇప్పుడేమంటాడు? ఏమన్నా అంటే ఏం చెప్పాలి? నీళ్ళు ఎక్కువయ్యాయనా, బియ్యం మంచివి కావనా, కరెంటు పోయిందనా? ఒక్కొక్క మాటా నోటిదాకా వచ్చి ఆగింది. అప్పుడు తట్టింది, ఈ మాటలన్నీ తను విన్నవే. ఇదే గుమ్మం దగ్గర, ఇదే గరిటె పట్టుకుని, ఇదే కంచంలో ఆగిన చెయ్యిని చూస్తూ ఒక మనిషి రోజూ నిలబడి ఉండేది. ఏడేళ్ళ కాపురంలో ప్రతి పూటా నిలబడింది. తనకి ఒక్కసారి, అదీ పరమ సాధువైన అయ్యగారి ముందు నిలబడితేనే ఇన్ని సాకులు వెతుక్కుంటున్నాడు. గుమ్మం చెక్క మీద చెయ్యి ఆనిస్తే, అక్కడ చెయ్యి ఆనీ ఆనీ నునుపు తేలిన చోటు ఒకటి వేళ్ళకి తగిలింది.

"ఆ అమ్మాయి ఇక్కడే నిలబడేదా?" అన్నాడు అయ్యగారు, తలెత్తకుండా.

ఓబేదు ఔనన్నట్టు తలూపాడు, ఆయన చూడట్లేదని గుర్తొచ్చి, ఔనండీ అన్నాడు. ఒక మెతుకు పట్టి చూశానండీ, అది ఉడికింది, అంతా ఉడికిందనుకున్నా అన్నాడు. అయ్యగారు మళ్ళీ కలుపుకోవడం మొదలుపెట్టాడు. పలుకుల్ని ఏరి పక్కన పెట్టలేదు, ముద్దగా అయినదాన్ని తోసెయ్యలేదు. అంతా కలిపి, బాగా నమిలి, నిదానంగా తింటున్నాడు. ఒక్కడే వండుకుని ఒక్కడే తినే మనిషి ఎట్లా తింటాడో అట్లా తింటున్నాడు. భార్య పోయిన ఇన్నేళ్ళలో ఆయన రోజూ ఇట్లాగే తింటున్నాడు కాబోలని ఓబేదుకి మొదటిసారి అనిపించింది. ఆదివారం ప్రసంగం చేసి, చాపలు చుట్టి, ఇంటికెళ్ళి ఈ అన్నం ముందు ఒంటరిగా కూర్చుంటాడని ఇన్నాళ్ళూ తోచనేలేదు.

గరిటె పక్కనపెట్టి వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మాట్లాడడం మొదలుపెట్టాడు. కూటాల్లో మాట్లాడినట్టు కాదు, ఆగాల్సినచోట ఆగకుండా, ఒకదాని మీద ఒకటి పడేట్టు.

"సాక్ష్యంలో ఒకటి ఎప్పుడూ చెప్పలేదండీ. ఆరోజు కంచం గుమ్మానికి తగిలి కెజీయా కాళ్ళ దగ్గర పడింది. పిల్ల ఏడవలేదు. లేచి, మెతుకులన్నీ ఏరి, కంచం కడిగి, తీసుకొచ్చి బోర్లించి, మళ్ళీ కూర్చుని తన అన్నం తను తిన్నది. రోజూ చేసే పనిలాగా చేసింది. ఐదేళ్ళ పిల్ల. లూదియ దాన్ని చూస్తా నిలబడింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మర్నాడు వెళ్ళిపోయింది."

అయ్యగారి చెయ్యి మళ్ళీ ఆగింది. ఈసారి పలుకు తగిలి కాదు.

ఓబేదు ఇంకా చెప్పాడు. ఇందాక వంటింట్లో కోపం వచ్చిందనీ, అయ్యగారి మీదే వచ్చిందనీ, గిన్నె ఎత్తాననీ చెప్పాడు. విసరలేదుగా అన్నాడాయన. మీరు బయట ఉన్నారని విసరలేదు, లేకపోతే ఏమయ్యేదో నాకు తెలీదు అన్నాడు ఓబేదు. కోపం పోలేదండీ, ఇంట్లో మనిషి లేక ఇన్నాళ్ళూ కనపడలేదు, అంతే అన్నాడు. ఇల్లు సాయంత్రం వేళ ఎట్లా ఉంటుందో, కుక్కరు టక్కుమనే చప్పుడు కోసం ఎట్లా కూర్చుంటాడో కూడా చెప్పాడు. వాళ్ళు రావాలని ఎంత ఉందో చెప్పాడు. చెప్పి, ఆ గుమ్మంవైపు చూశాడు. అప్పుడన్నాడు.

"మీరు వేటపాలెం వెళ్ళొద్దు అయ్యగారూ. నేను మారానని చెప్పొద్దు. చెప్తే వస్తుంది. మీ మాట మీద నమ్మకంతో వస్తుంది. వచ్చి మళ్ళీ అక్కడే నిలబడుతుంది."

ఆ మాట అనడం తేలిక కాలేదు. అంటున్నప్పుడే, ఇంక సాయంత్రాలన్నీ ఇట్లాగే గడుస్తాయని తెలిసే అన్నాడు. గుమ్మం పక్కన చెప్పులు వదిలివెళ్ళిన పిల్ల తను చూడకుండానే పెరిగి ఇంకెవరో అయిపోతుందనీ తెలుసు. కళ్ళొత్తుకునేవాళ్ళెవరూ లేరు. స్తోత్రం అనేవాళ్ళూ లేరు. వీధిలో ఎవరో సైకిలు మీద ఉల్లిపాయలు అమ్ముకుంటూ పోయారు, ఆ కేక వినపడి, దూరమై, ఆగిపోయింది.

అయ్యగారు కంచంలో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు. మజ్జిగ పోసుకుని, అది కూడా ఊడ్చి తాగాడు. కంచం తీసుకుని లేవబోతే ఓబేదు ఆయన చేతిలోంచి అందుకున్నాడు. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ఆ సొట్టలో అంటిన మెతుకులు వేలితో తీసి, కడిగి, తుడిచి, లోపలికి తెచ్చి బోర్లించాడు. బోర్లిస్తున్నప్పుడు అది కాస్త ఊగింది. ఊగడం ఆగేదాకా దాని మీద చెయ్యి పెట్టి ఉంచాడు.

తిరిగి వచ్చేసరికి అయ్యగారు ఖాళీ గుడ్డసంచి మడిచి చంకలో పెట్టుకుని, అరుగు దిగి చెప్పులేసుకుంటున్నాడు. పిల్ల చెప్పులు తన కాలికి తగిలి పక్కకి జరిగితే, వంగి మళ్ళీ జతగా పెట్టాడు. వేటపాలెం వైపు బస్సు ఎన్నింటికుందని అడిగాడు.

ఓబేదుకి అర్థం కాలేదు. వద్దన్నాను కదండీ అన్నాడు.

"నిన్న వెళ్ళమన్నావు. నిన్న నాకు వెళ్ళబుద్ధి కాలేదు," అన్నాడు అయ్యగారు.

ఓబేదు అరుగు మీదే నిలబడిపోయాడు. ఆయన నిజంగానే బస్టాండు వైపు నాలుగడుగులు వేసేశాక, వెనకనుంచి అడిగాడు, వెళ్ళి లూదియకి ఏం చెప్తారని.

అయ్యగారు ఆగి, నాలుకతో పళ్ళ సందులో ఇరుక్కున్న పలుకొకటి తడుముకున్నాడు.

"అన్నం పలుకుగా ఉందని చెప్తా," అన్నాడు. "మిగతాది ఆ అమ్మాయి అడిగితే చెప్తా."